థ్రెడ్ స్టాక్ హద్దులు, టీఎల్‌ఎస్ హద్దులు: కచ్చితంగా పట్టుకునే పద్ధతి

"అన్నా, ఈ అడ్రస్ స్టాక్‌లోదేనా?"

రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఏ టీములోనైనా, క్రాష్ రిపోర్ట్ తెరిచినవాళ్లు పక్క సీటు వైపు తిరిగి అడిగే మాట ఇది. "రేంజ్ చూస్తే స్టాక్ లాగే ఉంది" అని దాటేయడం మామూలు. స్టాక్ లాగా ఉండటం వేరు, స్టాక్ అయి ఉండటం వేరు. స్టాక్ అంటే ఫంక్షన్ కాల్స్, వాటి లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ, ప్రతి థ్రెడ్‌కీ, అంటే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే ప్రతి దారికీ, ఒకటి విడిగా ఉంటుంది. తేల్చి చెప్పాలంటే ఆ థ్రెడ్‌కి సంబంధించిన కొన్ని అడ్రస్‌లు చేతిలో ఉండాలి: స్టాక్ కింది హద్దు, పై హద్దు, గార్డ్ పేజీ (స్టాక్ హద్దు దాటితే పట్టించే, తాకకూడని మెమరీ) ఎంత, థ్రెడ్ లోకల్ స్టోరేజ్ (ప్రతి థ్రెడ్‌కీ విడి కాపీ ఉండే వేరియబుల్స్ చోటు), అంటే మనం పొట్టిగా టీఎల్‌ఎస్ అనుకునేది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంది. క్రాష్ హ్యాండ్లర్ రాసేవాళ్లకే కాదు, గార్బేజ్ కలెక్టర్, మెమరీ లీక్ పట్టే టూల్, కోరూటీన్ లైబ్రరీ రాసేవాళ్లకూ ఇవే అంకెలు కావాలి.

ఎక్కువ భాగం లినక్స్, దాని మామూలు సీ లైబ్రరీ జీలిబ్‌సీ, ఇంటెల్-ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్ల ఎక్స్86-64 గురించే రాస్తున్నాను. ఇక్కడి సర్వర్లలో ఎక్కువగా తగిలేది అదే. మిగతా సిస్టమ్‌ల సంగతి చివర్లో క్లుప్తంగా ఉంటుంది. ఫంక్షన్ పేర్లు పలికినట్టే రాశాను, మధ్యలో గీత ఉన్నచోట అండర్‌స్కోర్ అనుకోండి.

ముందు బొమ్మ సరిచేసుకోవాలి

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సీ నేర్చుకున్నవాళ్లందరి నోట్‌బుక్కులో ఒక బొమ్మ ఉంటుంది: పైన స్టాక్, కింద హీప్, రెండూ ఎదురెదురుగా పెరుగుతాయి. ఒకే థ్రెడ్ ఉన్న ప్రోగ్రామ్‌కి ఆ బొమ్మ చాలు. రెండో థ్రెడ్ పుట్టిన క్షణం నుంచి అది సరిపోదు.

కొత్త థ్రెడ్ పుట్టించే పీథ్రెడ్_క్రియేట్ పిలిచినప్పుడు జీలిబ్‌సీ, కెర్నల్‌ని మెమరీ అడిగే ఎమ్‌మ్యాప్‌తో ఒక పెద్ద మెమరీ ముక్క తీసుకుంటుంది. మనం సైజు చెప్పకపోతే, ప్రోగ్రామ్ మొదలైనప్పటి స్టాక్ లిమిట్‌ని చూస్తుంది. షెల్‌లో యూలిమిట్ మైనస్ ఎస్ కొడితే కనిపించేది అదే, మామూలుగా 8 ఎంబీ. ఆ లిమిట్ అన్‌లిమిటెడ్ అని ఉంటే థ్రెడ్‌కి స్టాక్ కూడా అపారంగా వస్తుందనుకుంటారు. రాదు. ఎక్స్86-64 మీద అప్పుడు వచ్చేది 2 ఎంబీ మాత్రమే. లిమిట్ ఎత్తేసిన మెషీన్‌లోనే స్టాక్ చాలక ప్రోగ్రామ్ పడిపోవడానికి ఇది ఒక కారణం.

ఆ ముక్కలో కింది నుంచి పైకి ఉండే వరుస ఇది. అన్నిటికన్నా కింద గార్డ్, మామూలుగా ఒక పేజీ, 4,096 బైట్లు. దాని పైన స్టాక్. స్టాక్ పై నుంచి కిందికి పెరుగుతుంది కాబట్టి గార్డ్ వైపే వస్తుంది. స్టాక్ పైన స్టాటిక్ టీఎల్‌ఎస్, అంటే థ్రెడ్ పుట్టినప్పుడే చోటు కేటాయించే టీఎల్‌ఎస్ భాగం. దాని పైన, ముక్క చిట్టచివర, థ్రెడ్ డిస్క్రిప్టర్ అనే స్ట్రక్చర్. థ్రెడ్ నంబర్, డీటీవీ (టీఎల్‌ఎస్ బ్లాకుల అడ్రస్‌ల పట్టిక) పాయింటర్, స్టాక్ కెనరీ (స్టాక్ పాడైందో లేదో పట్టే కాపలా అంకె) వంటివి అందులో ఉంటాయి.

అంటే ఈ మెమరీకి యజమాని ఒక్కరే అయినా, అనుభవించేవాళ్లు నలుగురు. రిజిస్ట్రేషన్ కాగితంలో 200 గజాలని ఉన్నంత మాత్రాన 200 గజాల్లోనూ గోడ లేపలేం, సెట్‌బ్యాక్ వదలాల్సిందే కదా. లైబ్రరీ మనకు చెప్పే స్టాక్ సైజు ఆ కాగితం మీది అంకె. ఇక్కడ పొరపడితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

అడుగు 1: లైబ్రరీనే అడగండి

నడుస్తున్న థ్రెడ్ లోపలి నుంచి తన హద్దులు తెలుసుకోవడానికి పీథ్రెడ్_గెట్‌ఆటర్_ఎన్‌పీ ఉంది. ఇది పోసిక్స్ ప్రమాణంలో లేదు, అందుకే చివర ఎన్‌పీ, అంటే నాన్-పోర్టబుల్. హెడర్లు చేర్చే ముందే జీఎన్‌యూ సోర్స్ మాక్రో డిఫైన్ చేయాలి. లేకపోతే కంపైలర్ ఆ పేరే ఎరగనంటుంది.

ఆట్రిబ్యూట్ వేరియబుల్ ఒకటి తీసుకుని, దాని అడ్రస్‌ని, పీథ్రెడ్_సెల్ఫ్ ఇచ్చిన విలువని ఈ ఫంక్షన్‌కి ఇవ్వండి. సున్నా తిరిగొస్తే పని అయినట్టు. తర్వాత పీథ్రెడ్_ఆటర్_గెట్‌స్టాక్ పిలిస్తే రెండు విలువలు వస్తాయి: అడ్రస్, సైజు. ఆ అడ్రస్ కింది హద్దు, దానికి సైజు కలిపితే పై హద్దు. పీథ్రెడ్_ఆటర్_గెట్‌గార్డ్‌సైజ్ గార్డ్ ఎంతో చెబుతుంది. చివర్లో పీథ్రెడ్_ఆటర్_డిస్ట్రాయ్ పిలవడం మర్చిపోవద్దు. సీపీయూ అఫినిటీ (థ్రెడ్ ఏ సీపీయూల మీద నడవొచ్చు అన్న) వివరం కోసం ఇది లోపల మెమరీ తీసుకుంటుంది, వదలకపోతే లీక్ అవుతుంది.

లోపల మెమరీ తీసుకుంటుందంటే ఇంకో అర్థం కూడా ఉంది: సిగ్నల్ హ్యాండ్లర్ (క్రాష్ లాంటివి జరిగినప్పుడు కెర్నల్ నడిపించే ఫంక్షన్) లోపల దీన్ని పిలవకూడదు. క్రాష్ జరిగాక హద్దులు వెతుక్కోవడం కుదరదు. థ్రెడ్ పుట్టగానే, అది మొదట నడిపే ఫంక్షన్‌లోనే ఈ అంకెలు తీసి ఆ థ్రెడ్ సొంత వేరియబుల్స్‌లో దాచుకోవాలి.

గార్డ్ సైజులో కలుస్తుందా, కలవదా? వెర్షన్‌ని బట్టి ఉంటుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.27కి ముందు, మీరు 8 ఎంబీ అడిగితే గార్డ్ కూడా ఆ 8 ఎంబీలోంచే కోత పడేది. 22637 నంబర్ బగ్ కింద దాన్ని సరిచేశారు. ఇప్పుడు మొత్తం మ్యాపింగ్ 8 ఎంబీ ప్లస్ గార్డ్, మనకు చెప్పే సైజులో గార్డ్ ఉండదు. పాత సెంటోస్ 7 మెషీన్లు ఇంకా నడుస్తున్న చోట జీలిబ్‌సీ 2.17 ఉంటుంది, అక్కడ పాత లెక్కే వేయాలి.

టీఎల్‌ఎస్, డిస్క్రిప్టర్ మాత్రం ఆ సైజులో కలిసే ఉంటాయి, అప్పుడూ ఇప్పుడూ.

మెయిన్ థ్రెడ్ దారి వేరు

పైన చెప్పిన బొమ్మ పీథ్రెడ్_క్రియేట్ పుట్టించిన థ్రెడ్‌లది. మెయిన్ థ్రెడ్ స్టాక్‌ని కెర్నలే ఏర్పాటు చేస్తుంది, అది అవసరాన్ని బట్టి పెరుగుతుంది. దాని టీఎల్‌ఎస్ స్టాక్ పక్కన ఉండదు. డైనమిక్ లోడర్ ప్రోగ్రామ్ మొదలయ్యే ముందే దానికి వేరే చోట మెమరీ తీసి పెడుతుంది. కాబట్టి మెయిన్ థ్రెడ్‌లో టెస్ట్ చేసి, అన్ని థ్రెడ్‌లకూ అదే వరుస ఉంటుందని తీర్మానిస్తే దెబ్బ తింటారు.

ఇదే ఫంక్షన్‌ని మెయిన్ థ్రెడ్‌లో పిలిస్తే జీలిబ్‌సీ /ప్రోక్/సెల్ఫ్/మ్యాప్స్ ఫైల్ తెరిచి, ప్రోగ్రామ్ మొదలైనప్పుడు గుర్తుపెట్టుకున్న స్టాక్ అడ్రస్ ఏ వరుసలో పడుతుందో చూస్తుంది. పై హద్దు ఆ అడ్రస్ ఉన్న పేజీ చివర. కింది హద్దుకి స్టాక్ లిమిట్‌ని లెక్కలోకి తీసుకుంటుంది, కింద వేరే మ్యాపింగ్ అడ్డొస్తే అక్కడికి కుదిస్తుంది. దీనివల్ల తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

ప్రోక్ ఫైల్ సిస్టమ్ మౌంట్ చేయని జైలులాంటి చోట గానీ, ఫైల్ డిస్క్రిప్టర్లు అయిపోయిన ప్రాసెస్‌లో గానీ ఈ ఫంక్షన్ ఫెయిల్ అవుతుంది. తిరిగొచ్చిన విలువ చూడకుండా ముందుకెళ్లే కోడ్ ఇక్కడ చెత్త అడ్రస్‌లతో నడుస్తుంది. ప్రోగ్రామ్ మధ్యలో సెట్ఆర్‌లిమిట్‌తో స్టాక్ లిమిట్ మారిస్తే, ఇదే ఫంక్షన్ ఆ తర్వాత వేరే జవాబు చెబుతుంది. ముఖ్యంగా, కింది హద్దు అనేది ఇక్కడ "అక్కడిదాకా పెరగొచ్చు" అన్న అనుమతి మాత్రమే, ఆ మెమరీ ఇంకా మ్యాప్ అయి ఉండకపోవచ్చు. కింది హద్దు నుంచి పైకి చదువుకుంటూ పోయే స్కానర్ రాస్తే మెయిన్ థ్రెడ్‌లోనే కూలుతుంది. స్కాన్ ఎప్పుడూ ప్రస్తుత స్టాక్ పాయింటర్ నుంచి పై హద్దు వైపు వెళ్లాలి.

పై హద్దు కూడా మ్యాప్స్ ఫైల్లో స్టాక్ అని రాసి ఉన్న వరుస చివరతో అచ్చంగా కలవకపోవచ్చు. కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ స్ట్రింగులు ఆ పైన ఉంటాయి, వాటిలో కొంత భాగం ఈ లెక్క బయట పడుతుంది. అది తప్పు కాదు.

మెయిన్ స్టాక్ కింద గార్డ్ పేజీ బదులు కెర్నల్ ఒక ఖాళీ దూరం పాటిస్తుంది. 2017లో స్టాక్ క్లాష్ అనే భద్రతా లోపం బయటపడ్డాక ఆ దూరాన్ని 256 పేజీలకు పెంచారు, అంటే 4 కేబీ పేజీలతో 1 ఎంబీ. పీథ్రెడ్_క్రియేట్ చేసిన థ్రెడ్‌లకు ఈ రక్షణ వర్తించదు. వాటికున్నది మనం అడిగిన గార్డే.

అడుగు 2: థ్రెడ్ పాయింటర్ పట్టుకోండి

ఇప్పుడు టీఎల్‌ఎస్. దీని జాడ థ్రెడ్ పాయింటర్‌తో, అంటే నడుస్తున్న థ్రెడ్ డిస్క్రిప్టర్ జాడ చెప్పే అడ్రస్‌తో మొదలవుతుంది. ఎక్స్86-64 లినక్స్‌లో అది ఎఫ్ఎస్ బేస్, ఎఫ్ఎస్ అనే సెగ్మెంట్ రిజిస్టర్ చూపే అడ్రస్. ఎఫ్ఎస్ నుంచి సున్నా దూరంలో ఉన్న 8 బైట్లలో ఆ పాయింటర్ విలువే రాసి ఉంటుంది, తన అడ్రస్ తానే దాచుకున్నట్టు. అందుకే ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ అక్కర్లేకుండా ఒక్క మెమరీ రీడ్‌తో తెలిసిపోతుంది. ఇంకా సులువు: జీలిబ్‌సీలో ఎక్స్86-64 మీద పీథ్రెడ్_సెల్ఫ్ ఇచ్చే విలువ కూడా ఇదే అడ్రస్. 40 బైట్ల దూరంలో స్టాక్ కెనరీ ఉంటుంది. డిస్‌అసెంబ్లీలో ప్రతి రెండో ఫంక్షన్ మొదట్లో ఎఫ్ఎస్ 28 హెక్స్ అని కనబడేది అదే.

టీఎల్‌ఎస్ అమరికలో రెండు రకాలున్నాయి. ఎక్స్86ది రెండో రకం: టీఎల్‌ఎస్ బ్లాకులు థ్రెడ్ పాయింటర్‌కి కింద, డిస్క్రిప్టర్ అక్కడి నుంచి పైకి. ఏఆర్‌ఎం64ది మొదటి రకం: టీపీఐడీఆర్_ఈఎల్0 రిజిస్టర్ చూపే చోట 16 బైట్లు వదిలి పైకి టీఎల్‌ఎస్ బ్లాకులు, డిస్క్రిప్టర్ కిందికి. అంటే ఏఆర్‌ఎం సర్వర్‌కి కోడ్ మార్చినప్పుడు "టీఎల్‌ఎస్ థ్రెడ్ పాయింటర్‌కి కింద ఉంటుంది" అని రాసుకున్న ప్రతి లైనూ తిరగబడుతుంది. ఆ అనుకోలును ఒకే ఫైల్లో ఉంచి, ఆర్కిటెక్చర్ పేరుతో విడగొట్టి పెట్టుకోవడం మంచిది.

అడుగు 3: టీఎల్‌ఎస్ బ్లాకులు ఏరుకోండి

ప్రోగ్రామ్‌లోనూ, అది లోడ్ చేసిన ప్రతి లైబ్రరీలోనూ థ్రెడ్ లోకల్ వేరియబుల్స్ ఉంటే, ఆ ఫైల్లో పీటీ_టీఎల్‌ఎస్ అనే సెగ్మెంట్ ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైల్ లోపలి వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్ టూల్‌తో, రీడ్‌ఎల్ఫ్ మైనస్ ఎల్ కొట్టి చూడండి. ఫైల్ సైజు అని కనిపించేది విలువ ముందే ఇచ్చిన వేరియబుల్స్‌ది, మెమరీ సైజు సున్నాతో మొదలయ్యే వాటిని కూడా కలిపింది. హద్దులకి కావాల్సింది మెమరీ సైజు. జీలిబ్‌సీకే ఒక చిన్న టీఎల్‌ఎస్ సెగ్మెంట్ ఉంటుంది, ఎర్‌నో ఉండేది అక్కడే.

ఈ బ్లాకులన్నీ ఎక్కడున్నాయో నడుస్తున్నప్పుడు తెలుసుకోవడానికి డీఎల్_ఇటరేట్_పీహెచ్‌డీఆర్ వాడాలి. దీనికి ఒక కాల్‌బ్యాక్ ఇస్తే, లోడ్ అయిన ప్రతి ఫైల్‌కీ ఒకసారి దాన్ని పిలుస్తుంది. కాల్‌బ్యాక్‌లో చేయాల్సిన పని ఇది:

1. డీఎల్‌పీఐ_టీఎల్‌ఎస్_మాడ్‌ఐడీ సున్నా అయితే ఆ ఫైల్‌కి టీఎల్‌ఎస్ లేదు, వదిలేయండి.
2. డీఎల్‌పీఐ_టీఎల్‌ఎస్_డేటా చూడండి. అది నల్ అయితే ఈ థ్రెడ్ ఆ బ్లాకును ఇంకా తాకలేదు, దానికి మెమరీయే లేదు. దాన్నీ వదిలేయండి.
3. విలువ ఉంటే, ప్రోగ్రామ్ హెడర్లలో పీటీ_టీఎల్‌ఎస్ రకం వెతికి, దాని పీ_మెమ్‌ఎస్‌జెడ్ తీసుకోండి. డేటా అడ్రస్ నుంచి అంత దూరం వరకు ఒక బ్లాక్. మొదలు, చివర, అలైన్‌మెంట్, మాడ్యూల్ నంబర్ రాసుకోండి.

ఈ ఫంక్షన్ పిలిచిన థ్రెడ్ తాలూకు బ్లాకుల్ని మాత్రమే చూపిస్తుంది. ఇంకో థ్రెడ్ టీఎల్‌ఎస్ కావాలంటే ఆ థ్రెడ్‌లోంచే పిలవాలి. లోపల లోడర్ లాక్ పట్టుకుంటుంది కాబట్టి సిగ్నల్ హ్యాండ్లర్‌కి ఇదీ పనికిరాదు.

జాబితా వచ్చాక అడ్రస్ వారీగా సార్ట్ చేయండి. మాడ్యూల్ నంబర్ 1 ఉన్న బ్లాక్ దగ్గర మొదలుపెట్టి, పక్క బ్లాకుకీ దీనికీ మధ్య ఖాళీ అలైన్‌మెంట్ వల్ల వచ్చేంత చిన్నదైతే కలుపుకుంటూ రెండు వైపులా వెళ్లండి. ఆగిపోయిన చోటు నుంచి చోటుకి ఉన్నది స్టాటిక్ టీఎల్‌ఎస్. ఎక్స్86-64లో దాని పై అంచు, అలైన్‌మెంట్ ఖాళీ మినహాయిస్తే, థ్రెడ్ పాయింటర్‌ని ఆనుకుని ఉండాలి. ఉందో లేదో సరిచూడండి, లేకపోతే మీ లెక్కలో ఏదో తప్పు ఉంది. ఎల్‌ఎల్‌వీఎం శానిటైజర్లు కూడా దాదాపు ఇదే దారిలో వెళ్తాయి. జీలిబ్‌సీ లోపలి ప్రైవేట్ ఫంక్షన్‌ని పిలిచి సైజు లాగే చిట్కాలు పాత కోడ్‌లో కనిపిస్తాయి. ప్రైవేట్ అని రాసిపెట్టినవాటి మీద ఆధారపడితే తర్వాతి వెర్షన్‌లో విరిగిపోతాయి, వాటి జోలికి పోకండి.

సార్ట్ చేసిన జాబితాలో ఎక్కడో దూరంగా, ఒంటరిగా పడి ఉన్న బ్లాకులు కూడా కనిపిస్తాయి. అవి ప్రోగ్రామ్ నడుస్తుండగా డీఎల్‌ఓపెన్‌తో తర్వాత లోడ్ అయిన లైబ్రరీలవి. థ్రెడ్ వాటిలోని వేరియబుల్‌ని మొదటిసారి తాకినప్పుడు, టీఎల్‌ఎస్_గెట్_అడ్డర్ లోపల హీప్ నుంచి మెమరీ తీసుకుని, ఆ అడ్రస్‌ని డీటీవీ అనే పట్టికలో రాసుకుంటుంది. అందుకే "టీఎల్‌ఎస్ మొదలు, టీఎల్‌ఎస్ చివర" అని రెండే అంకెలు ఎవరైనా ఇస్తే అది స్టాటిక్ భాగం మాత్రమే. టీఎల్‌ఎస్‌కి హద్దులు ఒక జత కాదు, ఒక జాబితా.

స్టాటిక్ భాగంలో లోడర్ కొంత మిగులు స్థలం కూడా వదులుతుంది, తర్వాత వచ్చే లైబ్రరీలు అక్కడే చోటు అడిగితే ఇవ్వడానికి. జీలిబ్‌సీలో ఆర్‌టీఎల్‌డీ ఆప్షనల్ స్టాటిక్ టీఎల్‌ఎస్ అనే ట్యూనబుల్ ఉంది, డిఫాల్ట్ 512 బైట్లు. అది చాలకపోతే స్టాటిక్ టీఎల్‌ఎస్ బ్లాక్‌లో మెమరీ లేదంటూ లైబ్రరీ లోడ్ ఆగిపోతుంది. పైథాన్‌లో మెషీన్ లెర్నింగ్ ప్యాకేజీలు ఇంపోర్ట్ చేసేవాళ్లలో చాలామంది ఆ మెసేజ్ చూసే ఉంటారు. మన లెక్కకి సంబంధించినంతవరకు, ఈ మిగులు కింది బ్లాకుకి ఇంకా దిగువన ఉంటుంది, ఏ మాడ్యూల్ పేరుమీదా ఉండదు. అందువల్ల స్టాక్ మొదలయ్యే చోటు అతి కింది టీఎల్‌ఎస్ బ్లాక్ కన్నా కొంచెం దిగువే.

అడుగు 4: రెండు లెక్కలూ ఒకచోట పెట్టండి

ఊహించుకున్న అంకెలతో ఒకసారి వేసి చూద్దాం. మ్యాపింగ్ అట్టడుగును సున్నా అనుకోండి. స్టాక్ 8 ఎంబీ అంటే 83,88,608 బైట్లు, గార్డ్ 4,096, మొత్తం 83,92,704. లైబ్రరీ చెప్పే కింది హద్దు 4,096, పై హద్దు 83,92,704. డిస్క్రిప్టర్ 2,304 బైట్లు అనుకుంటే థ్రెడ్ పాయింటర్ 83,90,400 దగ్గర ఉంటుంది. స్టాటిక్ టీఎల్‌ఎస్ మిగులుతో కలిపి 2,240 అనుకుంటే అది 83,88,160 దగ్గర మొదలవుతుంది. అంటే ఫంక్షన్ కాల్స్‌కి నిజంగా మిగిలింది 4,096 నుంచి 83,88,160 దాకా, 83,84,064 బైట్లు. కాగితం మీది అంకెకి 4,544 తక్కువ. డిస్క్రిప్టర్ సైజు వెర్షన్‌కో రకంగా మారుతుంది కాబట్టి ఆ 2,304ని కోడ్‌లో రాయకండి. పై హద్దులోంచి థ్రెడ్ పాయింటర్ తీసేస్తే ఎంతో అదే వస్తుంది.

4 కేబీ తేడాకి ఇంత గొడవా అనొచ్చు. ఎవరో ఒక లైబ్రరీలో 1 ఎంబీ థ్రెడ్ లోకల్ బఫర్ పెట్టారనుకోండి. ప్రతి థ్రెడ్ స్టాక్‌లోంచీ 10,48,576 బైట్లు చెప్పాపెట్టకుండా పోతాయి. 8 ఎంబీ ఉన్నవాళ్లకి తెలియదు. థ్రెడ్‌లు ఎక్కువ కాబట్టి స్టాక్ 256 కేబీ చాలని తగ్గించుకున్నవాళ్లకి పీథ్రెడ్_క్రియేట్ నేరుగా ఈఇన్‌వాల్ (చెల్లని విలువ) ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే టీఎల్‌ఎస్ పెట్టడానికే చోటు లేదు. జీలిబ్‌సీలో 11787 నంబర్ బగ్ ఈ తలనొప్పి గురించే. జావా వర్చువల్ మెషీన్ దీనికోసం అడ్జస్ట్ స్టాక్ సైజ్ ఫర్ టీఎల్‌ఎస్ అనే ఆప్షన్ పెట్టుకుంది. జావాలోంచి సీ లైబ్రరీలు పిలిచే బ్యాకెండ్‌లలో కారణం తెలియని ఈఇన్‌వాల్ కనిపిస్తే నేనైతే మొదట ఆ లైబ్రరీల మీద రీడ్‌ఎల్ఫ్ కొట్టి టీఎల్‌ఎస్ సైజే చూస్తాను.

గార్బేజ్ కలెక్టర్ రాసేవాళ్లకి మాత్రం ఈ కలయిక లాభమే. స్టాక్ పాయింటర్ నుంచి లైబ్రరీ చెప్పిన పై హద్దు దాకా స్కాన్ చేస్తే ఎక్స్86లో స్టాటిక్ టీఎల్‌ఎస్ కూడా అందులోనే వచ్చేస్తుంది. అయితే మెయిన్ థ్రెడ్‌ది, డైనమిక్ బ్లాకులవి విడిగా కలపాలి. స్టాక్‌నీ టీఎల్‌ఎస్‌నీ వేర్వేరు జాబితాల్లో పెట్టి రెండుసార్లు స్కాన్ చేసే కోడ్ అయితే, అతివ్యాప్తిని కత్తిరించుకోవాలి.

అడుగు 5: బయటి నుంచి చూడటం

ప్రాసెస్ ఇరుక్కుపోయి ఉంది, కోడ్ మార్చి మళ్లీ నడిపే వీల్లేదు. అప్పుడు మ్యాప్స్ ఫైల్ తెరవండి. పేరు లేని, చదవడం రాయడం అనుమతులున్న 8 ఎంబీ వరుస, దాని కిందనే ఏ అనుమతీ లేని 4 కేబీ వరుస జతగా కనిపిస్తే అది థ్రెడ్ స్టాక్ అయ్యే అవకాశం ఎక్కువ. ఏ వరుస ఏ థ్రెడ్‌ది? కెర్నల్ 3.4 నుంచి 4.4 దాకా ఆ ఫైల్లోనే థ్రెడ్ నంబర్‌తో సహా రాసేది, 4.5లో తీసేశారు. ఇప్పుడు /ప్రోక్ కింద ఆ ప్రాసెస్ టాస్క్ డైరెక్టరీలో, ఆ థ్రెడ్ నంబర్ కింద ఉన్న సిస్‌కాల్ ఫైల్ చదవండి. థ్రెడ్ ఏదైనా కాల్‌లో ఆగి ఉంటే ఆ లైన్ చివరి రెండు అంకెలు స్టాక్ పాయింటర్, ప్రోగ్రామ్ కౌంటర్. ఆ స్టాక్ పాయింటర్ ఏ వరుసలో పడితే ఆ వరుస దానిది. స్మ్యాప్స్ ఫైల్లో అదే వరుసకి ఆర్‌ఎస్‌ఎస్ (నిజంగా ర్యామ్‌లో ఉన్న మెమరీ) చూస్తే 8 ఎంబీలో నిజంగా ఎంత తాకిందో కూడా తెలుస్తుంది.

మ్యాప్స్‌ని గుడ్డిగా నమ్మొద్దనడానికి ఇంకా కారణాలున్నాయి. గార్డ్ సైజు సున్నా పెట్టిన థ్రెడ్‌ల స్టాక్‌లు పక్కపక్కన పడితే కెర్నల్ వాటిని ఒకే వరుసగా కలిపేయొచ్చు. జీలిబ్‌సీ 2.42, కెర్నల్ 6.13 లేదా తర్వాతివి కలిసిన చోట గార్డ్‌ని ఎమ్‌అడ్వైజ్ ద్వారా పెడతారు. అక్కడ గార్డ్ పనిచేస్తుంది కానీ మ్యాప్స్‌లో విడి వరుసగా కనిపించదు. అనుమతుల్లేని 4 కేబీ వరుస వెతికి లెక్కపెట్టే స్క్రిప్టులు అక్కడ మూగబోతాయి. ముగిసిపోయిన థ్రెడ్‌ల స్టాక్‌లను కూడా జీలిబ్‌సీ వెంటనే వదలదు, డిఫాల్ట్‌గా 40 ఎంబీ దాకా దాచి ఉంచి కొత్త థ్రెడ్‌లకి ఇస్తుంది. వరుసలు లెక్కపెట్టి థ్రెడ్‌లు ఇన్ని అని చెప్పడం అందుకే కుదరదు.

కోర్ డంప్ (క్రాష్ క్షణాన ప్రాసెస్ మెమరీని దాచిన ఫైల్) ఉంటే జీడీబీ డీబగ్గర్ చాలు. ఇన్ఫో థ్రెడ్స్ కొట్టి, కావాల్సిన థ్రెడ్‌కి మారి, స్టాక్ పాయింటర్‌ని, ఎఫ్ఎస్_బేస్ అనే రిజిస్టర్‌ని ప్రింట్ చేయండి. ఇన్ఫో ఫైల్స్ కోర్‌లోని మెమరీ వరుసలు చూపిస్తుంది, ఇన్ఫో ప్రోక్ మ్యాపింగ్స్ కోర్ డంప్‌లో ఫైళ్లకి చెందిన వరుసలే చూపిస్తుంది. ఎఫ్ఎస్ బేస్ ఏ వరుసలో ఉందో ఆ వరుస చివరే ఆ థ్రెడ్ బ్లాక్ పై హద్దు అయి ఉండాలి, మెయిన్ థ్రెడ్ కాకపోతే, థ్రెడ్‌కి సొంత మెమరీ ఇచ్చి పుట్టించి ఉండకపోతే. క్రాష్ అయిన అడ్రస్ సిగ్‌ఇన్ఫో వేరియబుల్ లోపల సిగ్‌ఫాల్ట్ భాగంలో దొరుకుతుంది.

తేల్చే పద్ధతి

క్రాష్ అడ్రస్ గార్డ్ లోపల ఉండి, స్టాక్ పాయింటర్ కూడా కింది హద్దు దగ్గరే ఉంటే స్టాక్ ఓవర్‌ఫ్లో, సందేహం అక్కర్లేదు. అడ్రస్ గార్డ్‌లో ఉండి స్టాక్ పాయింటర్ చాలా పైన ఉంటే, ఎవరో పాడైన పాయింటర్‌తో అక్కడ తాకారు. స్టాక్ పాయింటర్ కింది హద్దు కన్నా బాగా దిగువకి వెళ్లిపోయి ఉంటే, 4 కేబీ కన్నా పెద్ద లోకల్ అర్రే ఉన్న ఫంక్షన్ గార్డ్‌ని ఒక్క అంగలో దాటేసిందని అనుమానించాలి. అదృష్టం బాగోకపోతే అది పక్క థ్రెడ్ టీఎల్‌ఎస్ మీద పడి, క్రాష్ అసలే లేకుండా విలువలు మారిపోతాయి. జీసీసీ 8 నుంచి స్టాక్ క్లాష్ ప్రొటెక్షన్ ఫ్లాగ్ ఉంది. అది పెద్ద ఫ్రేమ్‌ని పేజీ పేజీకీ తాకించి గార్డ్ దగ్గరే పట్టిస్తుంది. సొంత మెమరీని పీథ్రెడ్_ఆటర్_సెట్‌స్టాక్‌తో ఇచ్చిన థ్రెడ్‌లకి లైబ్రరీ గార్డ్ పెట్టదు, మీరే ఎమ్‌ప్రొటెక్ట్‌తో పెట్టుకోవాలి.

ఈ తీర్పును సిగ్నల్ హ్యాండ్లర్‌లోనే ఇప్పించాలంటే, ఆ హ్యాండ్లర్ సిగ్‌ఆల్ట్‌స్టాక్ మీద, అంటే సిగ్నల్స్ కోసం ముందే విడిగా ఇచ్చిన స్టాక్ మీద నడవాలి. నిండిపోయిన స్టాక్ మీద అది అడుగే పెట్టలేదు. అప్పుడు హ్యాండ్లర్ లోపల లోకల్ వేరియబుల్ అడ్రస్ తీసి "ఇది స్టాక్ పాయింటర్" అనుకోకండి, అది ఆల్టర్నేట్ స్టాక్‌ది. మూడో ఆర్గ్యుమెంట్‌గా వచ్చే యూకాంటెక్స్ట్‌లోని ఆర్‌ఎస్‌పీ (స్టాక్ పాయింటర్ రిజిస్టర్) విలువే క్రాష్ అయినప్పటిది. ముందే దాచిన హద్దులు కూడా డైనమిక్ టీఎల్‌ఎస్‌లో ఉంటే, మొదటిసారి తాకగానే హీప్ అడుగుతుంది, క్రాష్ మీద క్రాష్. లైబ్రరీలో రాస్తుంటే ఆ వేరియబుల్స్‌కి టీఎల్‌ఎస్ మోడల్ ఇనీషియల్ ఎగ్జెక్ అని పెట్టండి, అవి స్టాటిక్ భాగంలో ఉంటాయి. పైన చెప్పిన 512 బైట్ల మిగులులోంచి తింటాయి కాబట్టి రెండు మూడు పాయింటర్లతో సరిపెట్టుకోవాలి.

కోరూటీన్లు, అంటే మధ్యలో ఆగి మళ్లీ సాగే, సొంత స్టాక్ ఉన్న పనులు వాడే ప్రోగ్రామ్‌లో ఈ లెక్కంతా సగమే. స్టాక్ పాయింటర్ హీప్‌లోని ఏదో ముక్కలో తిరుగుతుంటుంది, పీథ్రెడ్ చెప్పే హద్దులు అసలు థ్రెడ్‌వి. అక్కడ హద్దులు చెప్పగలిగేది ఆ కోరూటీన్ లైబ్రరీ ఒక్కటే.

వేరే చోట్ల

ఆల్పైన్ లినక్స్ కంటైనర్‌లో జీలిబ్‌సీ బదులు ఉండేది మజల్ అనే సీ లైబ్రరీ. ఫంక్షన్ పేరు అదే, అర్థం వేరు: అది చెప్పే స్టాక్ సైజులో టీఎల్‌ఎస్ కలవదు. థ్రెడ్ స్టాక్ డిఫాల్ట్ 128 కేబీ మాత్రమే. మెయిన్ థ్రెడ్‌కైతే లిమిట్ కాకుండా, ఆ క్షణానికి మ్యాప్ అయి ఉన్నంతే చెబుతుంది. ఉబుంటులో నడిచిన సర్వీస్ ఆల్పైన్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో ఇస్తే ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు.

మ్యాక్‌లో పీథ్రెడ్_గెట్_స్టాక్‌అడ్డర్_ఎన్‌పీ ఉంది. అది ఇచ్చేది పై హద్దు, కింది హద్దు కాదు. సైజుని కలపకూడదు, తీసేయాలి. మెయిన్ థ్రెడ్‌కి 8 ఎంబీ, మిగతావాటికి డిఫాల్ట్ 512 కేబీ. థ్రెడ్ లోకల్ వేరియబుల్స్ అక్కడ మొదటిసారి తాకినప్పుడు హీప్ నుంచి వస్తాయి, స్టాక్ పక్కన వెతికితే దొరకవు.

విండోస్ 8 నుంచి గెట్‌కరెంట్‌థ్రెడ్‌స్టాక్‌లిమిట్స్ ఒక్క పిలుపుతో రెండు హద్దులూ ఇస్తుంది. 64 బిట్‌లో జీఎస్ రిజిస్టర్ చూపే టెబ్ (థ్రెడ్ వివరాలుండే) స్ట్రక్చర్‌లో 8 బైట్ల దూరంలో స్టాక్ బేస్, 16 దగ్గర స్టాక్ లిమిట్, 88 దగ్గర టీఎల్‌ఎస్ పాయింటర్ల పట్టిక. ఆ స్టాక్ లిమిట్ ఇప్పటిదాకా కమిట్ అయినంత మేరకే. రిజర్వ్ చేసిన మొత్తం, మామూలుగా 1 ఎంబీ, దాని అసలు అడుగు కావాలంటే టెబ్‌లోని ఆ అంకె కాకుండా ఫంక్షన్ ఇచ్చిన కింది హద్దే తీసుకోండి.